గోడ క్యాలెండర్: చూడ్డానికీ బాగుండాలి, రాసుకోడానికీ చోటుండాలి. ఎక్కడైనా ఉందా?

కత్తెర గుంటూరు
డిసెంబర్ 6, 2025

అందరికీ నమస్కారం. కొత్త సంవత్సరానికి ఇంకా మూడు వారాల పైనే ఉంది. పోయినేడు డిసెంబర్ 30న పరిగెత్తి మోసపోయాను కాబట్టి ఈసారి ముందే అడుగుతున్నా.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. బ్రాడీపేటలో మేడ మీద రెండు గదుల పోర్షన్ మాది. ముందు గదే హాలు, అదే నా కుట్టు గది. మిషనుకి ఎదురుగా గోడ మీదున్న క్యాలెండరే నా ఆర్డర్ల పుస్తకం. ఏ తారీఖుకి ఎన్ని ఇవ్వాలి, ఎవరివి, లైనింగా మామూలా, చీరకి ఫాలూ పికో ఉందా, అన్నీ ఆ గడిలోనే రాస్తాను. ఆ పక్కనే గ్యాస్ బండ వచ్చిన రోజు, పాలు మానేసిన రోజు. పుస్తకంలో ఎందుకు రాయవంటారేమో. రాసి చూశాను. పుస్తకం గుడ్డల కింద పడితే మూడు రోజులకి గానీ కనపడదు. గోడ ఎక్కడికీ పోదు.

ఇదివరకు బంగారం షాపు వాళ్లో కిరాణా కొట్టు వాళ్లో ఇచ్చిన క్యాలెండర్ తగిలించేదాన్ని. రాసుకోడానికి బాగానే ఉండేది. కానీ షాపు పేరు తారీఖుల కన్నా పెద్దది. మా పాపకి అదంటే నామోషీ. కస్టమర్లు జాకెట్ వేసుకుని అద్దంలో ఫోటో తీసుకుంటారు కదా, ప్రతి ఫోటోలోనూ వెనక తరుగు లేదు, మజూరీ లేదు అని కనపడుతుంది. "అమ్మా, నీ పనికి వాళ్లు ప్రచారం చేసుకుంటున్నారే" అంది. నిజమే అనిపించింది.

అందుకని 2025కి ఆన్‌లైన్లో 650 రూపాయలు పెట్టి ఒకటి కొన్నాను. తామర కొలనులు, కొంగలు, మీగడ రంగు కాగితం. విప్పినప్పుడు ఇంట్లో అందరం కాసేపు మాట్లాడకుండా చూశాం, అంత బాగుంది. తగిలించాక తెలిసింది దాని సంగతి.

మొదటిది, అంకెలు. బూడిద రంగులో సన్నగా, చీమ కాళ్లలా ఉన్నాయి. మిషను దగ్గర కూర్చుంటే ఏడుకీ ఒకటికీ తేడా తెలీదు. రెండోది, ఆ కాగితం నున్నగా ఉండి బాల్ పెన్ను పడదు. రెండు మూడు సార్లు గీకితే పడుతుంది, అప్పటికి కాగితం మీద గాడి పడుతుంది. జెల్ పెన్నుతో రాస్తే ఆరదు. మూడోది, వారం సోమవారంతో మొదలవుతుంది. మా అత్తగారికి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చివరి గడి అంటే శనివారమే. మే నెలలో మా ఆడపడుచుకి ఫోన్ చేసి, "శనివారం 11వ తారీఖు, వచ్చెయ్" అని చెప్పేశారు. ఆవిడ 11కి టికెట్టు తీసుకుంది. 11 ఆదివారం. ఫంక్షనేమో శనివారం. ఆ గొడవ ఇంకా పూర్తిగా ఆరలేదు.

నాలుగోదే నన్ను కాల్చింది. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8, శుక్రవారం. ఆ ముందు రోజు గురువారం గడిలో ఆరు పేర్లు రాయాలి. గడి నా బొటనవేలంత. రాసింది రాసినట్టు పక్క గడిలోకి పాకింది. ఆఖరి పేరు 8వ తారీఖుదనుకున్నాను. గురువారం సాయంత్రం ఆరింటికి ఆవిడ గుమ్మంలో నిలబడింది. "రేపు పూజకే కదండీ కట్టుకునేది" అంది. గుడ్డ ఇంకా కత్తిరించను కూడా లేదు. రాత్రి ఒంటిగంట దాకా కుట్టి, పొద్దున్నే పాప చేత పంపాను. ఆవిడ మళ్లీ రాలేదు.

నాకు కావలసింది ఇదీ. అంకెలు ఆరడుగుల దూరం నుంచి కనపడాలి. ఆదివారంతో మొదలవ్వాలి. బాల్ పెన్ను పడాలి. తిథులు, ముఖ్యంగా మూఢం ఎప్పుడు పట్టి ఎప్పుడు వదులుతుందో, శ్రావణం ఎప్పుడో తెలియాలి. అత్తగారి కోసమే కాదు, నా వ్యాపారం అంతా దాని మీదే. ఇప్పుడు శుక్ర మూఢం నడుస్తోంది, ఫిబ్రవరి మధ్య దాకా పెళ్లి జాకెట్లు లేవు, అందుకే ఇంత పెద్ద పోస్టు రాసే తీరిక దొరికింది. ఇవన్నీ ఉండి, గోడ మీద చూస్తే ముచ్చటగా ఉండాలి. షాపు పేరు ఉండకూడదు.

ఉందా అలాంటిది? ధర వెయ్యి దాకా పర్లేదు.

—

చార్జింగ్ పెట్టాలి
డిసెంబర్ 6

అక్కా, ఫోన్లో క్యాలెండర్ ఉంది, పంచాంగం యాప్ ఉంది, రిమైండర్ పెడితే అదే అరుస్తుంది. 2026లో గోడకి కాగితం ఎందుకు?

—

కత్తెర గుంటూరు
డిసెంబర్ 6

తమ్ముడూ, ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో టేపు, నోట్లో గుండుసూదులు. గుమ్మంలో మనిషి నిలబడి "ఎప్పటికి ఇస్తారండీ" అంటుంది. తలెత్తి గోడ చూసి చెప్పాలి. ఫోన్ తీసి, లాక్ తీసి, మధ్యలో మీ బావగారి మెసేజ్ చూసి... ఆ లోపు ఆవిడ పక్క వీధి టైలర్ దగ్గరికి వెళ్తుంది. పైగా గోడ మీద నిండుగా ఉన్న వారాన్ని ఆవిడ కూడా చూస్తుంది. "అమ్మో, ఖాళీ లేదే మీకు" అని తనే రెండు రోజులు వెనక్కి జరుగుతుంది. ఫోన్ ఆ పని చెయ్యదు.

—

ఒత్తులు తప్పిన కంపోజిటర్
డిసెంబర్ 7

నమస్తే అమ్మా. విజయవాడలో ప్రెస్సులో ఇరవై రెండేళ్లు పని చేశాను. ఏటా దసరా నుంచి సంక్రాంతి దాకా మాకు క్యాలెండర్లే తిండి. మీరు అడిగినవి ఒక్కొక్కటీ చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

కాగితం సంగతి ముందు. మీరు కొన్నది ఆర్ట్ పేపర్. బొమ్మ దాని మీదే బాగా పడుతుంది, రంగు పైనే నిలుస్తుంది కాబట్టి. సిరా కూడా అలాగే పైనే నిలుస్తుంది, అందుకే మీ జెల్ పెన్ను ఆరలేదు. రాసుకునేదానికి మ్యాప్‌లితో కావాలి. మన నోటు పుస్తకాల్లో ఉండే లాంటిది, కాస్త మందం. షాపులో ఎలా తెలుసుకోవాలంటే, కాగితాన్ని ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకోండి. లైటు గీతలా మెరిస్తే పెన్ను పడదు. మెరవకుండా మొద్దుగా ఉంటే పడుతుంది. ఇంత కన్నా పరీక్ష అక్కర్లేదు.

ఇక గడులు. మీరు కొన్నదానిలో వారాలు అడ్డంగా ఉన్నాయి, ఏడు గడులు పక్కపక్కన. మన తెలుగు క్యాలెండర్లు చూడండి, ఎడమ పక్కన ఆది, సోమ, మంగళ అని కిందికి ఉంటాయి, తారీఖులు నిలువుగా దిగుతాయి. పాత అలవాటు అనుకుంటారు గానీ దానిలో లెక్క ఉంది. కాగితం పదిహేను అంగుళాల వెడల్పు అనుకోండి. అడ్డంగా ఏడు గడులు పెడితే గడికి రెండు అంగుళాల చిల్లరే వస్తుంది. నిలువు పద్ధతిలో వారాల పేర్లకి రెండు అంగుళాలు పోయినా, మిగిలిన పదమూడులో ఐదే గడులు, రెండున్నర అంగుళాలు వస్తుంది. తిథి, నక్షత్రం, టైము ఒక వరసలో పట్టేది అందుకే. మీకు పేర్లు రాసుకోడానికీ ఆ వెడల్పే కావాలి. గడి అడ్డం రెండు అంగుళాలకి తగ్గితే కొనకండి.

ఇంకో మాట, ఇది 2026కి మరీ ముఖ్యం. ఫిబ్రవరి ఆదివారంతో మొదలై శనివారంతో ముగుస్తుంది, సరిగ్గా నాలుగు వారాలు, చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆగస్టు శనివారం మొదలవుతుంది, 31 రోజులు. అంటే ఆరు వారాల నెల. అడ్డం క్యాలెండర్ల వాళ్లు చాలామంది ఆరో వరస ఇవ్వరు. 23 గడిని గీత గీసి అందులోనే 30 ఇరికిస్తారు, 24లో 31. శ్రావణం 2026లో ఆగస్టు 13న మొదలు. అంటే మీకు పని ముంచెత్తే రోజుల్లోనే ఆదివారం గడి సగం అవుతుంది. మీరేమో ఆ నెలలోనే ఒకసారి దెబ్బ తిన్నారు. నిలువు పద్ధతిలో ఈ బాధ లేదు. మొదటి నిలువు వరసలో ఒకటో తారీఖు శనివారం అడుగున ఉంటుంది, పైన ఆరు గడులు ఖాళీ. 30, 31 తీసుకెళ్లి ఆ పైన ఆది, సోమ గడుల్లో కూర్చోబెడతారు. ఒకటి కన్నా పైన 30 కనపడితే పిల్లలు నవ్వుతారు గానీ మీకు పూర్తి గడి దొరుకుతుంది. మే నెలలో 31 కూడా అంతే.

బొమ్మ సంగతికొస్తే, నిజం చెప్పాలి. రాసుకోడానికి బాగున్నదానికి బొమ్మకి చోటుండదు, ఉన్న చోటంతా గడులే తినేస్తాయి. బొమ్మ బాగున్నదానికి గడులకి చోటుండదు. ఒక కాగితం మీద రెండూ కుదరవు. అందుకే పాతకాలంలో రెండింటినీ విడగొట్టారు. దళసరి అట్ట మీద బొమ్మ, దాని కింద తేదీల ప్యాడు పిన్ను కొట్టి ఉండేది, గుర్తుందా? అలాంటి ప్యాడ్లు ఇప్పటికీ వస్తాయి. పంచాంగంతో సహా తెలుగులో అచ్చయి, పైన పేరు వేసే చోటు ఖాళీగా ఉంటుంది. ప్రెస్సు వాళ్లు షాపుల పేర్లు వేసి ఇస్తారు. మీరు పేరు వెయ్యకుండా ఒక్కటి ఇమ్మని అడగండి. మీ ఊళ్లోనే పెళ్లి కార్డులు వేసే ఏ ప్రెస్సుకైనా వెళ్లండి. త్వరగా వెళ్లండి. శివకాశి వాళ్లు ఆడి పద్దెనిమిది నాటికే, అంటే ఆగస్టు మొదట్లోనే వచ్చే ఏడాది ఆల్బమ్‌లు విడుదల చేస్తారు. డిసెంబర్ అంటే మాకు సీజను చివర. మంచి సైజులు అయిపోయి ఉంటాయి.

—

రిటైర్డ్ లెక్కల మాస్టారు
డిసెంబర్ 7

పై పెద్దమనిషి చెప్పింది నూటికి నూరు పాళ్లు. నా ఓటు వెంకట్రామ అండ్ కో వారిదానికి. మా నాన్నగారు రాజమండ్రిలో అదే తగిలించేవారు, నేనూ అదే. అంకె చూస్తే అరటిపండంత ఉంటుంది, కళ్లజోడు వెతుక్కోనక్కర్లేదు. అందం అంటారా, ఎర్ర అంకె, నల్ల అంకె, తెల్ల కాగితం. అది అందం కాదని ఎవరన్నారు?

బొమ్మల క్యాలెండర్ల మోజు ఇవాళ్టిది కాదు లెండి. రవివర్మ బొంబాయిలో అచ్చు యంత్రాలు పెట్టింది 1894లో. అప్పటి నుంచీ లక్ష్మీ, సరస్వతీ మన గోడలెక్కారు. ఆ తర్వాత వాళ్ల కింద తారీఖులు చేరాయి. ఇప్పుడు తారీఖులు పలచబడి చీమ కాళ్లయ్యాయి, మీరు అన్నట్టు.

రాహుకాలం గురించి ఒక మాట. క్యాలెండర్లో సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని ఉంటుంది కదా, అది ఆరింటికి సూర్యోదయం, ఆరింటికి అస్తమయం అనుకుని వేసిన లెక్క. పగటిని ఎనిమిది భాగాలు చేసి అందులో ఒకటి. వేసవిలో, చలికాలంలో కాస్త జరుగుతుంది. మీ అత్తగారికి చెప్పకండి, ఉన్న టెన్షన్ చాలు.

—

డాలస్ చలి
డిసెంబర్ 8

మీ ప్రశ్నకి జవాబు కాదు గానీ చదివి నవ్వొచ్చింది, నా బాధ కూడా చెబుతాను. మా అమ్మ ఏటా ఒంగోలు నుంచి క్యాలెండర్ పంపిస్తుంది. చుట్ట చుట్టి సూట్‌కేసులో పెడితే పైన ఉండే రేకు పట్టీ వంగిపోయి వస్తుంది, ఏడాదంతా ఒక పక్కకి ఒరిగి వేలాడుతుంది. అసలు చిక్కు అది కాదు. తిథి ముగిసే క్షణం ప్రపంచమంతటా ఒకటే, గడియారాలు వేరు. చలికాలంలో మాకూ ఇండియాకీ పదకొండున్నర గంటల తేడా. అక్కడ సోమవారం పొద్దున్న ఆరున్నరకి ఏకాదశి అయిపోయిందంటే, ఇక్కడ ఆదివారం సాయంత్రం ఏడింటికే అయిపోయినట్టు. అమ్మ క్యాలెండర్ చూసి మా ఆవిడ సోమవారం ఉపవాసం ఉంటే అప్పటికి మాకు ద్వాదశి. ఇక్కడి గుడిలో ఇచ్చే క్యాలెండర్ తెచ్చి వంటింట్లో పెట్టాం, అమ్మది హాల్లో పెట్టాం. అమ్మ వీడియో కాల్లో తనది కనపడిందా లేదా అని చూస్తుంది మరి.

—

సోలాపూర్ మగ్గం
డిసెంబర్ 8

అక్కా, నేను సోలాపూర్ నుంచి. మా తాతల కాలంలో పాలమూరు వైపు నుంచి వచ్చిన పద్మశాలీలం, ఇంట్లో తెలుగే, కాకపోతే నా తెలుగులో మరాఠీ తగిలితే క్షమించాలి. మా ఇంట్లో కాలనిర్ణయ్ తప్ప ఇంకోటి ఎక్కదు. 1973లో జయంతరావు సాల్గావ్‌కర్ గారు మరాఠీలో మొదలుపెట్టారు, ఇప్పుడు తెలుగులోనూ వస్తుంది. అందులోనూ వారాలు నిలువుగానే ఉంటాయి. నెలలు కూడా మీవీ మావీ ఒకటే, అమావాస్య తోనే నెల అయిపోతుంది. కాయితం వెనక వంటలు, వ్యాసాలు ఉంటాయి. మా అమ్మ నెల అయ్యాక కాయితం చింపదు, వెనక్కి మడుస్తుంది, చదవడం అవ్వలేదని. డిసెంబర్‌కి పన్నెండూ మందంగా మేకు మీద వేలాడుతుంటాయి.

కానీ మీకు బొమ్మ కావాలి కదా. ప్రెస్సు అన్నగారు చెప్పింది చదువుతుంటే నాకొకటి తోచింది. ప్యాడు ఒకచోట, బొమ్మ ఒకచోట అన్నారు. మీరు టైలరు. మీ ఇంట్లో బొమ్మలు కొనాలా? కట్ పీసులు మూట కట్టి ఉంటాయి కదా మంచం కింద! గుడ్డనే గోడకి తగిలించి, ప్యాడు దాని మీద పెట్టండి. మేం మగ్గం వాళ్లం, మాకు కాయితం మీద బొమ్మ కన్నా గుడ్డ మీద అంచే అందం.

—

కత్తెర గుంటూరు
డిసెంబర్ 8

చెల్లీ, మంచం కింద మూట ఉందని సోలాపూర్లో కూర్చుని ఎలా కనిపెట్టావమ్మా! రెండు మూటలున్నాయి. మీ బావగారు ఏటా సంక్రాంతికి భోగి మంటలో వేస్తానంటారు, నేను ఏటా అడ్డు పడతాను. పెడన కలంకారీ ముక్కలు, మంగళగిరి నిజాం బోర్డర్ ముక్కలు, ఒక పోచంపల్లి చీర మిగులు కూడా ఉండాలి.

కంపోజిటర్ బాబాయ్ గారూ, మీరు ఆగస్టు గురించి చెప్పింది చదివి ఇప్పుడున్న క్యాలెండర్ తీసి చూశాను. అందులో వారం సోమవారంతో మొదలు కాబట్టి 2025 ఆగస్టు ఐదు వరసల్లోనే పట్టింది. తప్పంతా అడ్డంగా ఉన్న ఆ ఏడు గడులదే! ఆ నెలంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

రేపు ప్రెస్సుకి వెళ్తాను.

—

కత్తెర గుంటూరు
డిసెంబర్ 13

మొదటి ప్రెస్సులో ప్యాడు విడిగా ఇవ్వం అన్నారు, వంద తీసుకుంటేనే అట. రెండో చోట కుర్రాడు మొహం చూసి, "ఒక్కటేనా అండీ?" అని మూడు సార్లు అడిగాడు. మూడో చోట పెళ్లి కార్డుల ఆయన ఉన్నారు. ఆయనకి పోయిన ఆర్డర్లో మిగిలినవి నాలుగు ఉన్నాయి, పేరు వెయ్యనివి. రెండు తీసుకున్నాను, అరవై రూపాయలు. ఒకటి చేతకాక పాడు చేస్తే ఇంకోటి ఉంటుందని. ట్యూబులైటు కింద పట్టి చూశాను బాబాయ్ గారూ, మెరవలేదు. ఆయన నన్ను కాస్త వింతగా చూశారు.

ప్యాడు పదిహేను అంగుళాల వెడల్పు, నిలువు వారాలు, గడి అడ్డం రెండున్నర. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం అని పైనే ఎర్రగా వేశారు. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు, మళ్లీ ఆషాఢం జూలై 15న పడుతుంది. మధ్యలో ఆ నెల రోజులే నాకు దిక్కు. ఇప్పుడే అక్కడ "కొత్తవి ఒప్పుకోకు" అని రాసేశాను.

గుడ్డ దగ్గర ఒక తప్పు చేశాను, మీరు చెయ్యకండి. అట్ట మీద కలంకారీ ముక్క పరిచి ఫెవికాల్ రాశాను. ఆరాక జిగురు పైకి ఊరి మచ్చలు పడ్డాయి, ఎర్ర పువ్వు మధ్యలో నీళ్ల మరకలా. గుడ్డ కుట్టేదాన్ని, అతికించడం ఏమిటి నా బుద్ధి కాకపోతే! పీకి పారేశాను.

రెండోసారి అట్టే లేకుండా చేశాను. ఇరవై అంగుళాల వెడల్పు, ముప్పై ఎనిమిది పొడవు. నేల గుడ్డ మంగళగిరి నూలు, ఆకుపచ్చ. దాని రెండు పక్కలా నిజాం బోర్డర్. పైన మూడో వంతు పెడన కలంకారీ, నెమళ్లున్న ముక్క, చుట్టూ సన్న పైపింగ్ వేసి కుట్టాను. వెనక కాటన్ లైనింగ్, లోపల క్యాన్వాస్, లేకపోతే ఫ్యాను గాలికి రెపరెపలాడుతుంది. పైన కర్టెనుకి కుట్టినట్టు గొట్టం కుట్టి సన్న కర్ర దూర్చాను. కిందా అంతే, ఇంకో కర్ర, అప్పుడు తిన్నగా వేలాడుతుంది. ఓనరు గారు కొత్త మేకు కొట్టనివ్వరు, పాత మేకుకే తాడు వేశాను.

ప్యాడుకి ఏం చెయ్యాలా అని ఒక రోజు ఆలోచించాను. కుట్టేస్తే వచ్చే ఏడాది విప్పాలి. ప్యాడు పైన ఉన్న అట్ట పట్టీకి చిన్న గుడ్డ పట్టీ కుట్టి, దానికి నాలుగు టిచ్ బటన్లు పెట్టాను. నేల గుడ్డకి వాటి జత. టక్కుమని పడుతుంది, టక్కుమని వస్తుంది. వచ్చే ఏడాది కొత్త ప్యాడు తగిలించడమే. మిషను మీద అట్ట కుట్టినందుకు ఒక సూది విరిగింది, పద్దెనిమిదో నంబరు వేస్తే నడిచింది.

అడుగున రెండు జేబులు. ఒకటి సన్నది పెన్నుకి, ఇంకోటి వెడల్పుది కొలతల చీటీలకి. ఆ జేబులు పోచంపల్లి.

—

ఒత్తులు తప్పిన కంపోజిటర్
డిసెంబర్ 13

అమ్మా, ఇరవై రెండేళ్లలో టిచ్ బటన్ల క్యాలెండర్ నేను చూడలేదు. మేం పిన్ను కొట్టి చేతులు దులుపుకునేవాళ్లం. ఒక్కటి మాత్రం చూసుకోండి. నెల కాగితాలు పైన కలిపి పట్టిన చోట బరువు పడుతుంది. మీరు పేజీ చింపితే పర్లేదు. ఆ సోలాపూర్ అమ్మాయి వాళ్ల అమ్మగారిలా వెనక్కి మడిస్తే ఆరు నెలలకి పట్టీ చిరుగుతుంది. చింపేసి విడిగా దాచుకోండి, మీకు లెక్కలకి పనికొస్తాయి.

—

చార్జింగ్ పెట్టాలి
డిసెంబర్ 14

అక్కా, తప్పయింది, ఫోన్ మాట వెనక్కి తీసుకుంటున్నా. మా అమ్మ చదివి నాకూ ఒకటి కావాలంటోంది. ఆర్డర్లు తీసుకుంటారా? కర్నూలు పంపాలి.

—

కత్తెర గుంటూరు
డిసెంబర్ 21

తమ్ముడూ, గుడ్డ భాగం కుట్టి పంపగలను, ప్యాడు మీ ఊరి ప్రెస్సులో మీరే చూసుకోవాలి. చుడితే చేతి కర్రంత అవుతుంది, పోస్టులో వెళ్తుంది. రేకు పట్టీ లేదు కాబట్టి డాలస్ అన్నయ్య గారి సూట్‌కేసులో కూడా వంగదు. ఇప్పుడు మూఢం కాబట్టి చేస్తాను, ఫిబ్రవరి దాటాక అడగకండి. నాలుగు వందలు, పోస్టు ఖర్చు వేరే.

వారం రోజులు వాడాక సంగతులు. జనవరి కాగితం పైకి పెట్టి ఇప్పటి నుంచే రాస్తున్నాను. మిషను దగ్గర నుంచి అంకె కనపడుతోంది, కూర్చుని చూశాను, లేచి చూశాను, అత్తగారిని కూర్చోబెట్టి చూశాను. పెన్ను జేబు మరీ లోతైంది, పెన్ను మూత దాకా మునిగిపోతోంది, అర అంగుళం పైకి కుట్టాలి. కలంకారీ రంగు గోడ సున్నానికి అంటుతుందేమో అని భయపడ్డాను గానీ లైనింగ్ ఉంది కాబట్టి అంటలేదు.

అత్తగారు ఒక్కటే మాట అన్నారు. "దేవుడేడి?" క్యాలెండర్ అంటే పొద్దున లేవగానే దేవుడి మొహం కనపడాలి ఆవిడకి. నెమళ్లు చూపించి సుబ్రహ్మణ్యస్వామి వాహనం కదండీ అన్నాను. ఆవిడ నమ్మలేదు. టీటీడీ వాళ్ల శ్రీవారి క్యాలెండర్ తెప్పించి ఆవిడ మంచం ఎదురుగా పెట్టాను. తిథులు మాత్రం హాల్లోకి వచ్చి నా దానిలోనే చూస్తున్నారు. అక్కడి అంకెలు పెద్దవట.

మొన్న ఒకావిడ జాకెట్ ఫిట్టింగుకి వచ్చి అద్దంలో ఫోటో తీసుకుంది. మా పాప వెళ్లి కర్ర కాస్త సర్దింది, నెమళ్లు ఫోటోలో పడాలని.

చివరిగా ఒక మాట. పాత తామరల క్యాలెండర్ బొమ్మలు ఉన్నాయి, నిజంగా బాగుంటాయి, ఫ్రేము కట్టించుకోవచ్చు. గుంటూరు వాళ్లెవరికైనా కావాలంటే చెప్పండి, ఊరికే ఇస్తాను. మార్చి మాత్రం లేదు, పాప ఫిజిక్స్ పుస్తకానికి అట్ట వేసుకుంది. ఆగస్టు వెనక అంతా నా రాతలే.